అవ్వ నడకకు ఎన్ని సెకన్లు?

హార్ట్ ఆపరేషన్ అనగానే ఒకప్పుడు మా లేపాక్షి ఇళ్లలో మొదటి ప్రశ్న డబ్బు గురించే. 1991లో పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి తెరిచి ఉచితంగా గుండె ఆపరేషన్లు మొదలుపెట్టారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. బెంగళూరులో జయదేవ ఎలాగూ ఉంది. కూలికెళ్లే ఇంటికి కూడా బైపాస్ అందుతోంది. దాంతో మొదటి ప్రశ్న మారిపోయింది: "ఈ వయసులో తట్టుకుంటాడా?"

దీనికి మనోళ్లు జవాబు వెతికేది వయసులోనే. డెబ్బై దాటాయి, వద్దులే అని చిన్నాన్న. అరవై ఎనిమిదే కదా, ఏం కాదు అని మామ. ఫ్యామిలీ గ్రూపులో ఎకో రిపోర్ట్ తిరుగుతుంది, తెరిచి చూసేది ఇద్దరే. మా వీధిలో డెబ్బై ఎనిమిదేళ్ల తాత ఒకాయన ఇప్పటికీ పొద్దున్నే గొర్రెలు తోలుకుపోతాడు. ఆయనకన్నా పదేళ్లు చిన్నవాడైన తమ్ముడు అరుగు మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఆధార్ కార్డు చూస్తే తమ్ముడికే రిస్క్ తక్కువ అనిపిస్తుంది!

ఈ తేడానే డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. మన మాటలో సత్తువ తరిగిపోవడం. అనంతపురం పిల్లలకు బోరు సంగతి నేను చెప్పక్కర్లేదు. కొత్త మోటారు దించినా కింద నీళ్లు లేకపోతే ఏం తోడుతుంది? గుండె ఆపరేషన్ మోటారు రిపేరు. ఛాతీ ఎముక కోస్తారు, చాలాసార్లు కొన్ని గంటలు గుండె పని మెషీన్ చేస్తుంది, ఆ తర్వాత మంచం. మంచంలో గడిచే ప్రతి రోజూ పెద్దవాళ్ల కండ కరుగుతుంది. లోపల నిల్వ లేని మనిషి ప్రాణాలతో బయటపడినా, తన పని తాను చేసుకోలేని స్థితిలో ఇంటికి రావచ్చు.

దీన్ని కొలవొచ్చు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం ఐదు గుర్తులు చెప్పింది: ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడూ అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. మూడు ఉంటే ఫ్రెయిల్ అని లెక్క. 2010లో వచ్చిన అధ్యయనం ఇంకా సింపుల్. అమెరికా, కెనడాల్లోని నాలుగు ఆస్పత్రుల్లో, గుండె ఆపరేషన్‌కు వచ్చిన 70 ఏళ్లు దాటిన 131 మందిని ఐదు మీటర్లు నడిపించారు. ఆరు సెకన్లు, అంతకన్నా ఎక్కువ పట్టినవాళ్లకు ఆపరేషన్ తర్వాత చావు గానీ పెద్ద సమస్య గానీ వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు కనిపించింది. ఐదు మీటర్లంటే మన ఇంటి వసారా అంత!

నడక ఒక్కటే చూస్తే పొరపాటు జరగొచ్చు. ముప్పై ఏళ్లు చెనక్కాయ చేలో గొంతుకూర్చుని కలుపు తీసిన అవ్వకి గుండె కన్నా ముందు మోకాళ్లే అడ్డం పడతాయి. అందుకే డాక్టర్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేవమంటారు, జ్ఞాపకశక్తి చూస్తారు, రక్తంలో హిమోగ్లోబిన్, అల్బుమిన్ చూస్తారు. గుండె వాల్వు మార్పిడికి వచ్చిన 1,020 మంది మీద ఏడు పద్ధతులు పోల్చి 2017లో ప్రచురిస్తే, బాగా పనికొచ్చింది ఈ నాలుగు అంశాల పద్ధతే.

మరి ఫ్రెయిల్ అని తేలితే ఆపరేషన్ వద్దనా? అలా అనుకొనే చాలామంది ఇళ్లలో ఈ మాటే ఎత్తరు. అత్యవసరం కాకపోతే కొన్ని వారాలు టైమ్ అడగొచ్చు. రక్తం తక్కువుంటే ఎందుకో చూసి సరిచేయొచ్చు. ఒట్టి సంగటి, చారుతో సరిపెట్టుకొనే తాతకు గుడ్డు, పప్పు, ఉలవలు చేర్చొచ్చు. డాక్టర్ చెప్పినంత మేర నడిపించొచ్చు. వాల్వు సమస్యయితే ఛాతీ కోయకుండా కాలి రక్తనాళంలోంచి వాల్వు పెట్టే పద్ధతి ఉంది, ఖర్చు మాత్రం లక్షల్లో. ఇవన్నీ విన్నాక కూడా "మందులు చాలు నాయనా, ఇంటి దగ్గరే ఉంటా" అని అవ్వ అంటే, అది కూడా నిర్ణయమే. ఆ మాట సర్జన్ చెవిన పడాలి.

చిక్కేమిటంటే, ఓపీలో మన పెద్దోళ్లు ఉతికిన పంచె కట్టుకొని "బాగుండా సార్" అంటారు. అక్కడ దొరికేది కొన్ని నిమిషాలే. ఆర్నెల్లుగా బజారుకు పోవడం మానేశాడనీ, చొక్కా వదులైందనీ తెలిసింది ఇంట్లోవాళ్లకే. బెంగళూరులో ఉన్న మనకు అదీ తెలియదు. వీడియో కాల్‌లో ముఖం కనిపిస్తుంది గానీ కాళ్లు కనిపించవు.

అందుకే ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి రీల్ తీసే ఫోనే చాలు. నేల మీద ఐదు మీటర్లు కొలిచి రెండు గీతలు గీయండి. మొదటి గీతకు రెండడుగులు ముందు నుంచి బయలుదేరి, రెండోది దాటి పోనివ్వండి. గీతల మధ్య సెకన్లు లెక్కపెట్టండి, పక్కన ఒకరు నడవండి. కుర్చీ పరీక్ష మాత్రం ఆస్పత్రికే వదిలేయండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఇదీ వద్దు. మూడుసార్లు చేసి సగటు రాసుకోండి, వీడియోను ఎకో రిపోర్ట్‌తో పాటు డాక్టర్‌కి చూపించండి. "బిరబిరా నడువవ్వా" అని మాత్రం అనకండి. కెమెరా ఉందని తెలిస్తేనే మా అవ్వలు కొంగు బిగించి, తిరునాళ్లకు పోయినట్టు నడుస్తారు. ఫోన్ చూసి నవ్వుతూ నడిచిన ఆ మొదటి టేకు లెక్కలోకి తీసుకోవద్దు.