పాత సర్వర్లు మా పిల్లలకు ఇప్పించండి

గౌరవనీయులైన విద్య, ఐటీ శాఖల మంత్రి నారా లోకేశ్ గారికి,

మాది నెల్లూరు జిల్లా పడమటి వైపు కొండాపురం. సర్వర్లు నిలబెట్టడం, పడిపోతే లేపడం నా వృత్తి. చదువూ ఐటీ రెండూ మీ చేతిలోనే ఉన్నాయి గనుక ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

విశాఖలో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన 2025 అక్టోబరు 14న వచ్చింది. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు, ఒక గిగావాట్ స్థాయి అన్నారు. సరిగ్గా అదే రోజున విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మొదటి వార్త అందరికీ చేరింది. రెండోది మన స్కూళ్లు, కాలేజీల కంప్యూటర్ గదుల్లోకి నేరుగా వచ్చిపడే సమస్య. పాత యంత్రం మీద కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఎక్కించగల మనిషి ఇప్పుడు ప్రతి మండలంలోనూ కావాలి.

మన పిల్లలకు ఆపరేటింగ్ సిస్టమ్ ఒక సబ్జెక్టుగా తెలుసు. డెడ్‌లాక్ గురించి అడిగితే పేజీలు నింపుతారు. అదే సర్వర్ ముందు కూర్చోబెట్టి ఓఎస్ ఎక్కించమంటే, ఇన్‌స్టాలర్ ‘డిస్కే లేదు’ అనగానే చేతులు ఆగిపోతాయి. డిస్కులేమో కళ్లెదుటే ఉంటాయి, పచ్చ లైట్లు వెలుగుతుంటాయి. చాలా సర్వర్లలో డిస్కులకూ ఓఎస్‌కూ మధ్య రెయిడ్ కార్డు ఉంటుంది. దాని మెనూలోకి వెళ్లి డిస్కులను కలిపి వర్చువల్ డ్రైవ్ తయారు చేయాలి. చేసినా కనపడకపోతే డ్రైవర్ సంగతి చూడాలి. 2019లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8, పాత రెయిడ్ కార్డులు కొన్నింటికి మద్దతు తీసేసింది. అలాంటి కార్డుంటే, 7వ వెర్షన్ హాయిగా ఎక్కిన పెట్టె మీద 8 నేరుగా ఎక్కదు. డిస్కూ బాగుంటుంది, కార్డూ బాగుంటుంది. ఇది తెలియకే మంచి సర్వర్లను తుక్కు కింద రాసేస్తారు.

ఇంకొకటి చెప్పాలి. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా మూలన పడున్న సర్వర్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతుంది. గడియారం ఏళ్లు వెనక్కి పోతుంది. ఇన్‌స్టాలేషన్ సగందాకా బాగానే నడిచి, ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీలు తెచ్చుకునే దగ్గర ఆగుతుంది. సర్టిఫికెట్ చెల్లదంటుంది. ఆ యంత్రం లెక్కలో సర్టిఫికెట్ మొదలయ్యే తేదీ ఇంకా రానే లేదు మరి! తెలియనివాళ్లు కేబుల్ మారుస్తారు, రూటర్ ఆపి మళ్లీ వేస్తారు, పెన్‌డ్రైవ్ కొత్తగా తయారు చేస్తారు. డెబియన్ టెక్స్ట్ ఇన్‌స్టాలర్‌లో ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే లాగ్ వస్తుంది. ఎక్కడ ఆగిందో అందులో పడుతుంది. బయోస్‌లో తేదీ సరిచేసి, వాచీల కొట్లో దొరికే సీఆర్2032 బ్యాటరీ మారిస్తే పని అయిపోతుంది. లాగ్ చదివే అలవాటు ఒక్కటే ఇక్కడ కావలసింది.

మా వైపు ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనితనం ఎవరికీ నల్లబల్ల మీద రాలేదు. చెక్క పాడుచేసుకుంటూ నేర్చుకున్నారు. మా పిల్లలకూ అలా పాడుచేసుకోవడానికి ఒక సర్వర్ కావాలి.

ప్రభుత్వ కార్యాలయాలు కొన్నేళ్లకోసారి సర్వర్లు మారుస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు, మరమ్మతు చేసి తిరిగి వాడే దారిని కూడా గుర్తించాయి. పనిచేసే పాత సర్వర్లను కొండాపురం, ఉదయగిరి, ఆత్మకూరు వైపు ప్రభుత్వ కాలేజీలకు ఇప్పించండి. డిస్కులు మాత్రం వద్దు. వాటిలో ప్రజల వివరాలుంటాయి. ముందే తీసి ధ్వంసం చేయాలి, ఇందులో రాజీ పడకూడదు. ఖాళీ పెట్టెకు చిన్న ఎస్ఎస్‌డీలు కొనిస్తే చాలు. ల్యాబ్ గంటల్లో మాత్రమే నడిపితే కరెంటు బిల్లూ మోయలేనంత కాదు.

ప్రాక్టికల్ పరీక్ష కూడా మారాలి. లెక్చరర్ ముందే ఒక లోపం పెట్టి ఉంచాలి: బూట్ మోడ్ యూఈఎఫ్ఐ నుంచి లెగసీకి మార్చడమో, కేబుల్ వదులు చేయడమో, తేదీ వెనక్కి తిప్పడమో. విద్యార్థి దాన్ని పట్టుకుని, ఎలా పట్టుకున్నాడో తెలుగులోనే రాయనివ్వండి. మార్కులు ఆ రాతకు వేయాలి. కేరళలో 2018లో మొదలైన లిటిల్ కైట్స్ క్లబ్బుల్లో హైస్కూలు పిల్లలే హార్డ్‌వేర్ నేర్చుకుంటున్నారు. మన డిగ్రీ విద్యార్థులకు ఇది పెద్ద కోరిక కాదు.

పెద్ద డేటా సెంటర్లలో ఓఎస్ ఎవరూ చేత్తో ఎక్కించరు, నెట్‌వర్క్ మీద వేల సర్వర్లకు దానంతటదే ఎక్కుతుంది కదా అని మీ అధికారులు అడగవచ్చు. నిజమే. ఆ వేలల్లో లేవకుండా మొండికేసిన సర్వర్ దగ్గరికి మాత్రం మనిషే వెళ్లాలి. విశాఖలో ఆ మనిషి మా మెట్ట ప్రాంతం పిల్ల అయితే చూడాలని ఉంది. గేటు కాపలా దగ్గరే మావాళ్లు ఆగిపోకూడదు.

గతంలో ఐటీ శాఖ చూసిన మేకపాటి గౌతమ్‌రెడ్డి గారు ఆత్మకూరు ఎమ్మెల్యేగా ఉండేవారు. పార్టీలు వేరైనా, ఈ శాఖకూ మా ప్రాంతానికీ ఆ బంధం ఉంది. పాత సర్వర్లను వేలానికి పంపే ముందు ప్రభుత్వ కాలేజీలకు కావాలేమో అడగాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. సెలవుల్లో వచ్చి నేర్పడానికి నేను సిద్ధం. హైదరాబాదులో, బెంగళూరులో ఇదే పని చేస్తున్న మా వైపు వాళ్లనూ పిలుచుకొస్తాను.

ఇట్లు,
కొండాపురం వాసి, సర్వర్ అడ్మినిస్ట్రేటర్