విందు బల్లమీద గిన్నెల గొప్ప



క్రిస్మసు విందునకు ఒక యింటివారు పిలిచినప్పుడు అరిసెలో, జంతికలో, పులిహోరయో వండి తీసికొనిపోవుట మంచి వాడుకయే. అయితే ఎవరి గిన్నె గొప్పదని చూచుట ఎక్కడి క్రైస్తవ్యము? నేతి సున్నుండలను బల్ల నడుమ నుంచి, విధవరాలు తెచ్చిన జొన్నరొట్టెలను మూలకు నెట్టుట నా కన్నులతో చూచితిని. కొరింథులో కలిగినవారు ముందుగా తిని, లేనివారిని ఆకలితో విడిచినందుకే పౌలు తన మొదటి పత్రిక 11వ అధ్యాయములో గద్దించెను. పిలిచినవారికి సహాయముగానే తెచ్చితిమందురా? సహాయమునకు పేరెందుకు? బాలుని అయిదు యవల రొట్టెలను ప్రభువు త్రోసివేయలేదే!

కాబట్టి ఈ డిసెంబరు 25న గిన్నెలన్నియు ఒక్క బల్లమీదనే పెట్టుడి. ఆ జొన్నరొట్టెను మొదట మీరే విరిచి తినుడి. ఏమియు తేలేనివారిని ముందు కూర్చుండబెట్టుడి.