వైట్ బ్యాలెన్సూ, పెళ్ళికూతురి రంగూ

మన ఫోటోలు తోటి ఫోటోగ్రాఫర్లకి చూపించడమంటే కోడ్ రివ్యూకి పెట్టినట్టే. కొందరు నిజంగా పనికొచ్చే మాట చెప్తారు. కొందరు రిక్వైర్‌మెంట్ ఏంటో చూడకుండానే ఇండెంటేషన్ గురించి మాట్లాడతారు. రెండూ నాకు అలవాటే. కానీ మొన్న మే నెలలో తీసిన పెళ్ళి ఫోటోల మీద వచ్చిన ఒక సలహా మాత్రం ఇంకా మింగుడుపడట్లేదు.

పెళ్ళి మా చిన్నాయిన కూతురిది. ఊరు నార్కట్‌పల్లి దగ్గర. విజయవాడ హైవే మీంచి నల్లగొండ, అద్దంకి వైపు రోడ్డు చీలేది అక్కడే. చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్ళున్నా, ఇంటి ముందరే పందిరెయ్యాలని మా చిన్నాయిన పట్టుబట్టాడు. ముహూర్తం పదకొండు నలభైకి. మండుటెండలో, ఆరుబయట! ఎండాకాలంలో పెళ్ళేంటని ఆఫీసులో నవ్వారు గానీ, మా ఊళ్ళల్లో యాసంగి వడ్లు అమ్మి చేతిలో నాలుగు డబ్బులుండేదీ, పిల్లలకి సెలవులుండేదీ అప్పుడే. ఆషాఢం వస్తే మళ్ళీ ముహూర్తాలుండవు. గోల్డెన్ అవర్ ఎప్పుడో మమ్మల్ని అడిగి పంతులుగారు లగ్గం పెట్టరు కదా :)

పందిరి మీద సగం తడకలు, సగం ఎర్రా నీలం చారల షామియానా. బయటి ఎండకీ లోపలి నీడకీ మూడు నాలుగు స్టాపుల తేడా. పైగా పెళ్ళికొడుకు తెల్ల పంచె, పెళ్ళికూతురు తెల్ల చీర. ఫ్రేమ్‌లో తెలుపెక్కువుంటే మీటరు దాన్ని మధ్యస్తం బూడిదరంగు అనుకుని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. అప్పుడు ముఖాలు ఉన్నదానికన్నా నల్లగా వస్తాయి. అందుకని స్పాట్ మీటరింగ్ పెట్టి ముఖాల మీదే కొలిచి, అన్నీ రా ఫార్మాట్‌లో తీశాను. వెనక వాకిలి మాడిపోయి తెల్లగా వచ్చింది. రానీ, పెళ్ళికొచ్చినవాళ్ళెవరూ వాకిలి చూడ్డానికి రాలేదు.

సోమవారం ఆఫీసు క్యాంటీన్లో, వీకెండ్లో కెమెరాలేసుకుని తిరిగే నలుగురం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. షామియానా కింద తెల్లగుడ్డ ఒక పొర కట్టిస్తే ఎరుపు ముఖాల మీద పడదు అన్నాడొకడు. బంగారం లాంటి మాట. ఒకే ముఖం మీద రెండు రంగుల వెలుతురు పడితే ఏ వైట్ బ్యాలెన్సూ కాపాడలేదు. ప్లాస్టిక్ కుర్చీలూ, పక్కనున్న జనమూ లేకుండా క్రాప్ చెయ్యమన్నాడు ఇంకొకడు. ఆ కుర్చీలో కూర్చున్నది మా నాయినమ్మ. కుదరదు.

మూడో ఆయన "ముఖాలు మరీ పసుపుగా ఉన్నాయి, సరిచెయ్" అన్నాడు. అది పసుపే మహానుభావా! పొద్దున్నే నలుగు పెట్టి స్నానం చేయించారు, ఇంకెలా ఉంటుంది? ఆటో వైట్ బ్యాలెన్స్‌కి తెలియదంటే సరే, మనకీ తెలియకపోతే ఎలా?

అక్కడితో ఆగితే బాగుండేది. ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, లైట్‌రూమ్‌లో ఆరెంజ్ ల్యూమినెన్స్ స్లయిడర్‌ని కుడికి లాగాడు. మనుషుల చర్మం రంగు ఎక్కువగా ఆ ఆరెంజ్ లెక్కలోకే వస్తుంది. రెండు నిమిషాల్లో మా చెల్లె తెల్లబడిపోయింది. ఆమెతోపాటు పందిరికి కట్టిన బంతిపూలు కూడా పాలిపోయాయి. "ఇప్పుడు ప్రొఫెషనల్‌గా ఉంది" అన్నాడు. మిగతా ఇద్దరూ తలూపారు. అందులో ఒకడు నాకన్నా నలుపు.

నేను చెప్పేదేంటంటే, మీటరు తగ్గించిన వెలుతురుని తిరిగి ఇవ్వడం కరెక్షన్. దాన్ని దాటి లాగేది కరెక్షన్ కాదు, పెళ్ళిచూపుల్లో మాట్లాడే మాట. ఇది నాకు ఊరికే గుచ్చుకోలేదు. మా చెల్లెకి ఇంతకుముందు రెండు సంబంధాలు వచ్చి పోయాయి. ఒకళ్ళు "పిల్ల రంగు తక్కువ" అని లేచిపోయారు, ఇంకొకళ్ళు అదే మాటని కట్నం పెంచడానికి వాడుకున్నారు. మన ఇళ్ళల్లో రంగుకి రేటు ఉంది. ఇప్పుడు చేసుకున్న అబ్బాయి ఆ ఊసే ఎత్తలేదు. అతను ఇష్టపడి చేసుకున్న పిల్లని నేను ఆల్బమ్‌లో మార్చెయ్యాలా?

టెక్నాలజీకి రంగు పట్టింపు ఉండదనుకునేవాళ్ళకి ఒక మాట. కొడాక్ వాళ్ళు ల్యాబుల్లో రంగులు సరిచూసుకోడానికి ఒక తెల్ల అమ్మాయి ఫోటో ఉన్న 'షర్లీ కార్డు' పంపేవాళ్ళు. దశాబ్దాలపాటు ప్రింట్లలో సరైన రంగంటే ఆమె రంగే. ముదురు గోధుమరంగులు సరిగ్గా రావట్లేదని చాక్లెట్ కంపెనీలూ, ఫర్నిచర్ కంపెనీలూ గొడవ చేశాకే ఫిల్మ్‌ని బాగుచేసే పని గట్టిగా మొదలైందట. మనుషుల కోసం కాదు, చాక్లెట్ల కోసం! గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్లో ముదురు చర్మాలు ఉన్నవి ఉన్నట్టు రావాలని 'రియల్ టోన్' పెట్టింది 2021లో. మన దగ్గర ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది గానీ ఆ క్రీము చేసే పని ఇప్పుడు స్లయిడర్ చేస్తోంది. అదీ ప్రీసెట్ రూపంలో, బ్యాచ్‌లో వెయ్యి ఫోటోలకి ఒకేసారి. చేసేవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు, మా క్యాంటీన్ మిత్రుడూ మంచోడే. ఎవరూ అడక్కపోయినా చెయ్యి దానంతటదే కుడికి పోతుంది, అదీ సమస్య.

రెండు ఫోటోలూ చెల్లెకి పంపాను. తెల్లదాన్ని చూసి "గీమె ఎవరన్నా?" అని నవ్వింది. చిన్నమ్మకి మాత్రం అదే నచ్చింది. "గోడకి గదే పెద్దగ కట్టియ్యి కొడుకా, సుట్టాలు సూస్తరు" అంది. ఆవిణ్ణి నేనేమీ అనలేను, ఆ రెండు సంబంధాలు పోయినప్పుడు మాటలు పడ్డది ఆవిడే. అయినా ప్రింటుకి ఆ ఫైలు పంపలేదు. పసుపు ముఖంతో, మంచి బంతిపూలతో, కుర్చీలో నాయినమ్మతో ఉన్నదే ఫ్రేమ్ కట్టించి ఇచ్చాను. చిన్నమ్మ ఇంకా అలక మీదే ఉంది.