కిలిమంజారో ఎక్కడానికి ఎన్ని రోజులు?

ఎవరెస్టును 2014లో 13 ఏళ్లకే ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, తర్వాత ఆఫ్రికాలోని కిలిమంజారో శిఖరాన్నీ చేరింది. ఆ బాటలో నడవాలనుకునే పిల్లలను పంపేవారు ముందుగా రోజులు లెక్కపెట్టాలి.

టాంజానియా జాతీయ పార్కులోని ఈ 5,895 మీటర్ల పర్వతం నిద్రాణ అగ్నిపర్వతం. కిబో బిలంలో ఇప్పటికీ వేడి వాయువులు వెలువడుతుంటాయి. అయినా ఎక్కేవారికి అసలు ముప్పు పలుచని గాలి. శిఖరంపై వాయుపీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. కాబట్టి ప్రతి శ్వాసలో అందే ఆక్సిజనూ సగమే. దీనికి శరీరం అలవాటుపడాలంటే సమయం కావాలి.

3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దన్నది వైద్యుల సూచన. మరంగు దారిలో ఐదు రోజుల యాత్రకు బసలు సుమారు 2,700, 3,700, 4,700 మీటర్ల వద్ద ఉంటాయి. అంటే రోజుకు వెయ్యి మీటర్లు! తలనొప్పి, వాంతులు మొదలయ్యాక కూడా ఎక్కుతూ పోతే మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. చిన్న వయసు, కండబలం దీన్ని ఆపలేవు.

పార్కు రుసుము రోజుల లెక్కన ఉంటుంది. కాబట్టి రోజులు తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది. దాతలు జెండా, టీషర్టుల కంటే ముందు మరో రెండు రోజుల ఖర్చు ఇవ్వాలి. ఒంట్లో బాగాలేక మధ్యలోనే దిగివచ్చిన బిడ్డకూ అదే సన్మానం చేయాలి.