అమ్మ చేతి అందాజా

విద్య అనగానే మన మనస్సులో మెదలునవి బడి, పుస్తకం, పరీక్ష. వంటయిల్లు మెదలదు. పెరటి చెట్టు మందుకు రాదన్న సామెత అమ్మ విద్య విషయంలో అక్షరాల నిజం. ప్రతిదినం మన కన్నుల ముందే జరుగుచున్న ఒక గొప్ప అభ్యాసాన్ని చూచియు చూడనట్లే చేయి కడుగుకొని లేచిపోవుచున్నాము. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇంతే: తల్లి పొయ్యి దగ్గర కూతుళ్లకు నేర్పునది విద్యయే. అది వ్రాతకెక్కవలసిన విద్య; కూతుళ్లతోపాటు కొడుకులును నేర్వవలసిన విద్య.

మా బాల్యం బోధన్‌లో గడిచినది. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగర్ కాలువల నీరు ఆ ప్రాంతపు పంటనే కాక పళ్లెంలోని అన్నాన్ని కూడ మార్చినది. జొన్నరొట్టె తిన్న ఇండ్లలో వరియన్నం ఉడికినది. చేలలో చెరకు నిలిచినది. 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ శక్కర్‌నగర్‌లో వెలసినది. చలికాలం వచ్చినదంటే చెరకు బండ్లు బారులు తీరెడివి. ఊరంతా తీపి ఆవిరి వాసన. మా ఇంట్లో గడియారం ఉన్నను, అన్నం ఎప్పుడు వార్చవలెనో తెలిపినది ఫ్యాక్టరీ సైరనే.

మా అమ్మగారిని మేము అమ్మీ అని పిలుతుము. మాకు ఇద్దరు ఆపాలు, ఒక చెల్లెలు. చెరకు కాలంలో ఆదివారం ఆ నలుగురికీ ప్రయోగాల దినం. బిందెలో చెరకు రసం వచ్చెడిది. దాన్ని పలుచని బట్టలో వడగట్టి, కాగుచుండగా పైకి తేలిన మడ్డిని గరిటెతో తీసివేసి, కడిగిన బియ్యం పోసి సన్నని మంటమీద ఖీర్ వండెడివారు. గుమ్మం దగ్గర నిలుచుండి చూచుట మా వంతు. లోనికి అడుగుపెట్టినచో, “మగపిల్లవాడికి ఇక్కడేం పని?” అని ఆపాలు తరిమెడివారు.

ఒకనాడు చిన్న ఆపా తొందరపడి, సలసల కాగుచున్న రసంలోనే పాలు పోసినది. క్షణంలో పాలు విరిగిపోయినవి. ఆపా కండ్లలో నీరు తిరిగినది. అమ్మీ కోపగించలేదు. మళ్లీ వడగట్టి, ఆ ముద్దను బెల్లంతో కలిపి పొయ్యిమీద పెట్టి, దగ్గరపడువరకు కలియబెట్టి, ఏలకులు దంచివేసి పళ్లెంలో పరచినారు. “రసం చల్లారినాకే పాలు పోయాలి. ఇది ఖీర్ కాదుగాని, దీనికి కూడా ఒక పేరు పెట్టుకుందాం” అన్నారు. చెల్లెలు వెంటనే ‘గలతీ కా మీఠా’ అన్నది. పొరపాటున పుట్టిన ఆ మిఠాయి తరువాత మా ఇంట్లో ఎన్నోసార్లు కావలెననియే చేయబడినది.

కొన్నేండ్లకు చిన్న ఆపా కళాశాలలో రసాయనశాస్త్రం చదివినది. పులుపు గుణం, వేడి కలిసినచో పాలలోని మాంసకృత్తు గడ్డకట్టునని అధ్యాపకులు చెప్పినప్పుడు తనకు ఆనాటి గిన్నెయే కనిపించినదట. చింతపండు పులుసు పోసిన తరువాత పప్పు మెత్తబడదనియు, అందుచేత ఖట్టీదాల్‌కు పప్పు పూర్తిగా ఉడికి, ఎనిపిన తరువాతనే పులుసు పోయవలెననియు అమ్మీ చెప్పెడివారు. అదియు పులుపు చేయు పనియే. అమ్మీ అయిదవ తరగతి దాటలేదు. అయినను, కారణం పేరు తెలియకపోయినను, కార్యం క్రమం ఆమెకు తెలిసినది. ఆ క్రమాన్ని విద్య అనక మరేమనవలెను?

వంటింట్లో భాషాశాస్త్రం కూడ ఉన్నది. తెలుగు అధ్యాపకులమైనందున దీన్ని చెప్పక విడువలేము. సద్దుల బతుకమ్మనాడు మా పొరుగింటి పెద్దమ్మ రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు కట్టి మా ఇంటికి పంపెడిది. పీర్ల పండుగకు మా వైపు నుండి మలీద వారింటికి పోయెడిది. మలీద పారసీక పదం. నలిపినది అని అర్థం. ఆ మాట ఏ పీటముడీ లేకుండ బతుకమ్మ ప్రసాదమైనది. ఇక చింతచెట్టు లేత ఆకుకు తెలుగువారు పెట్టిన ‘చిగురు’ అను పేరు దక్కనీ ఉర్దూలో ‘చిగుర్’ అయి, చిగుర్ గోష్త్ పేరుతో దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నది. పెండ్లిళ్లలో మనమందరం తిను బగారన్నంలో బగార్ ఉర్దూ, అన్నం తెలుగు. ఈ ఇచ్చిపుచ్చుకొనుట ఏ పండితసభలోను జరుగలేదు; గోడకు ఇటు ఒక తల్లి, అటు ఒక తల్లి నిలుచుండి గిన్నెలు మార్చుకొన్నప్పుడు జరిగినది.

“మా మలీద చూసి మీరు నేర్చుకున్నరా చెల్లె, మీది చూసి మేము నేర్చుకున్నమా?” అని పెద్దమ్మ ఒకసారి అడిగినది. “బెల్లం మీ చేన్లది, పేరు మాది అక్కా. రొట్టె ఇద్దరిదీ” అని అమ్మీ జవాబు. ఆ మాట విన్న కూతుళ్లు రెండు ఇండ్లలోను ఉన్నారు.

ఇంత విద్యకు కొలత ఏది? ఉప్పెంత అని ఆపాలు అడిగినప్పుడెల్లను అమ్మీ ఒక్కటే మాట చెప్పెడివారు: “అందాజా”. తెలంగాణ తెలుగులో కూడ ఆ మాట ‘అందాజ’గా నిలిచియున్నది. చదువుకొన్నవారు దాన్ని కొలత లేకపోవుట అనుకొందురు. అది పొరపాటు. అందాజా అనగా వేలసార్లు చేసిన చేతిలో స్థిరపడిన కొలత. పసుపు కొమ్ము విరిచి, ఆ చప్పుడును బట్టి అది బాగుగా ఎండినదో లేదో చెప్పుట అందాజా. ఆవాలు చిటపటలాడి ఆగిన తరువాత వెల్లుల్లి వేయుటకు ఉన్న ఆ రెండు క్షణాల వ్యవధి అందాజా.

అయితే ఈ కొలతకు ఒక ప్రమాదం కలదు. అది చేతిలోనే ఉండును. చేయి పోయినచో కొలతయు పోవును.

మూడేండ్ల క్రిందట అమ్మీకి పక్షవాతం వచ్చినది. ప్రాణానికి భయం తప్పినది గాని కుడిచేయి లేవలేదు. అప్పటికి పెద్ద ఆపా హైదరాబాదులో, చిన్న ఆపా నాందేడ్‌లో, చెల్లెలు జిద్దాలో ఉన్నారు. నిజామాబాద్‌లో అమ్మీ దగ్గర ఉన్నది గుమ్మం దగ్గర నిలుచుండి చూచిన మేము మాత్రమే. మా శ్రీమతి పాఠశాలలో ఉపాధ్యాయిని, ఉదయమే బయలుదేరవలెను. ఆమె చేతి రుచి ఆమె పుట్టింటిది. అదియు తక్కువది కాదు. కాని జబ్బుపడిన మనిషి అడిగినది తన ఇంటి ఖట్టీదాల్. వంటింటి గుమ్మానికి అమ్మీ మంచం జరిపి, మేము మొదటిసారి పొయ్యి ముందు నిలిచినాము.

“ఉప్పు ఎంత అమ్మీ?” అని అడిగినాము. అమ్మీ అలవాటుగా అందాజా అనబోయి ఆగినారు. కుడిచేతి వైపు చూచుకొన్నారు. ఎంతసేపు ఆలోచించినను ఆ మాట నోటికి రాలేదు. ఎందుకనగా ఆ సంగతి నోటికి ఎన్నడును తెలియదు. చేతికి మాత్రమే తెలియును. చివరకు వాసనను బట్టి, చప్పుడును బట్టి మంచం మీది నుండియే నేర్పినారు. ఆనాటి పప్పు మాడలేదు. అంతకుమించి చెప్పుకొనదగినది కాదు.

ఆ రాత్రి ముగ్గురు తోబుట్టువులకు ఫోను చేసి అడిగినాము. ముగ్గురు మూడు విధాలుగా చెప్పినారు. పెద్ద ఆపా పులుసు ఎక్కువ. చిన్న ఆపా పప్పు చిక్కన. చెల్లెలు పచ్చిమిరపకు బదులు ఎండుమిరప. ఎవరిది అమ్మీ వంట? మూడును అమ్మీ వంటయే, మూడును కాదు. అప్పుడొక పుస్తకం తెరిచి గీతలు గీచి, నలుగురము వ్రాయుట మొదలుపెట్టినాము. ఒక చిన్న త్రాసు కొన్నాము. పెద్ద ఆపా గుప్పెడు కందిపప్పు 50 గ్రాములు తూగినది. అమ్మీ ఎడమచేతి గుప్పెడు 45. ఆమె కుడిచేతి గుప్పెడు ఎంత తూగెడిదో ఇక ఎవరికీ తెలియదు. ఇరువది ఏండ్ల క్రిందట ఒక్క పూట తూచియుండినచో తెలిసెడిది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోనికి పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు తగ్గి వరి పెరిగినది. రసపు బిందె ఇంటికి రానప్పుడు రసపు ఖీర్ నేర్చు కూతురు ఎక్కడినుండి వచ్చును? మరొకవైపు మన ఆడపిల్లలు హాస్టళ్లలో చదువుచున్నారు, దూరదేశాలలో ఉద్యోగాలు చేయుచున్నారు. ఇది సంతోషింపదగినది. పూర్వం కూతురు తల్లి ప్రక్కన పది, పండ్రెండేండ్లు నిలిచినందున చెప్పకుండనే విద్య సంక్రమించెడిది. ఇప్పుడు ఆ వ్యవధి లేదు. అందుచేత చెప్పవలెను; వ్రాయవలెను.

పాత సాహిత్యంలో వంటలు లేకపోలేదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టిన విందుల వర్ణన ఉన్నది. ఏమి వడ్డించిరో కవి చెప్పినాడు. వండిన చేతి కిటుకు చెప్పుట కావ్యం పని కాదు. ఆ పనిని మన కాలంలో స్త్రీలే చేసినారు. మాలతీ చందూర్ గారి వంటల పుస్తకం ఎన్నో ముద్రణలు పొంది, కొత్త కాపురాలకు తల్లి వలె తోడ్పడినది. బిల్కీస్ లతీఫ్ గారు 1999లో ఆంధ్ర వంటలను, హైదరాబాదు వంటలను ఒకే ఆంగ్ల గ్రంథంలో కూర్చినారు. గుంటూరు ప్రాంతపు శతాధిక వృద్ధురాలిగా పేరొందిన మస్తానమ్మగారు 2018లో మరణించువరకు ఆరుబయట కట్టెల పొయ్యిమీద వండగా, దేశదేశాలవారు ఫోనులలో చూచినారు. ఆమె మునిమనుమడి తరంవారు ప్రక్కన నిలుచుండి చిత్రించినందుననే అది సాధ్యమైనది. ప్రక్కన నిలుచువారు కావలెను. విషయమంతయు అందులోనే ఉన్నది.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. “చదువుకొను ఆడపిల్లను మళ్లీ వంటింటి కుందేలును చేయుదురా?” అని మా విద్యార్థినులు అడుగుదురు. అడుగవలెను కూడ. మేము చెప్పునది దానికి సరిగా ఎదురైనది. వంట ఆడుదాని పుట్టుగుణమని అన్నంతకాలం అది విద్య కాలేదు. విద్య కానందున గౌరవం రాలేదు. అది నేర్చినవారికి మాత్రమే వచ్చు విద్య అని ఒప్పుకొన్ననాడు, నేర్వవలసినవారిలో మగపిల్లలును ఉందురు. మమ్ము గుమ్మం దగ్గర ఆపిన ఆచారం వల్ల ఆపాలకు పని పెరిగినది, మాకు విద్య తరిగినది, చివరకు నష్టపోయినది అమ్మీ. మన కళాశాల వార్షికోత్సవంలో కూడ తినుబండారాల అంగళ్లు విద్యార్థినులవే. విద్యార్థులు షామియానా కట్టి తినుటకు వచ్చెదరు. ఈ పద్ధతి వచ్చే సంవత్సరం మారినచో మేము సంతోషింతుము.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం చిన్నది. తెలుగు శాఖ, ఉర్దూ శాఖ కలిసి ఒక రిజిస్టరు తెరువవలెను. ప్రతి విద్యార్థి, ప్రతి విద్యార్థిని తన తల్లి లేక నాయనమ్మ, అమ్మమ్మ వండు ఒక్క వంటకాన్ని, ప్రక్కన నిలుచుండి, చేయి కలిపి, వ్రాసి తేవలెను. గుప్పెడు గిన్నెలో పడుటకు ముందు తూచవలెను. ఏ ఋతువులో, ఏ పాత్రలో, ఏ మంటమీద అన్నది వ్రాయవలెను. వంటకం పేరు, దినుసుల పేర్లు రెండు భాషలలోను ఉండవలెను. ఎవరు ఎవరి దగ్గర నేర్చినారో కూడ వ్రాయించవలెను. చెడిపోయిన వంటలు, చెడినదాన్ని అమ్మ ఎట్లు సవరించినదియు విడువరాదు; అసలు పాఠం అందులోనే ఉండును. ఇందుకు కావలసిన ఖర్చు ఒక త్రాసు, ఒక రిజిస్టరు. మన జిల్లా పసుపుకు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే జాతీయ బోర్డు ప్రారంభమైనది. మంచిదే. ఆ పసుపును ఎప్పుడు, ఎంత వేయవలెనో తెలిసిన చేతికి ఒక రిజిస్టరైనను ఉండవలదా?

విద్యార్థి మిత్రులారా! ఈ సంచిక మీ చేతికి అందినప్పుడు సెలవులు దగ్గరపడియుండును. ఇంటికి పోయిన మొదటి పూట, అమ్మ ఉప్పు తీయగానే ఆమె మణికట్టు పట్టి ఒక్క క్షణం ఆపుడు. నవ్వును, విసుగుకొనును, ఫరవాలేదు. ఆ ఉప్పును కాగితం మీద పోయించి తూచి, వ్రాసికొనుడు. తరువాత గరిటె మీరు పట్టుడు.