గ్యాస్ బిళ్ళ ఎన్నాళ్ళు వాడాలి?

"డాక్టరుగారూ! మా మామగారికి అరవై ఆరేళ్ళు. నాలుగేళ్ళుగా గ్యాస్ ట్రబుల్. ఎండోస్కోపీ, స్కానింగ్ తీయిస్తే ఏమీ లేదన్నారు. రోజూ పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకుంటారు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి, నడక నెమ్మదించింది. వణుకుడు జబ్బని దానికి వేరే మందు మొదలుపెట్టారు. కడుపు మందు మానకుండా రెండూ కలిపి వాడవచ్చునా?" అంటూ గంపలగూడెం నుంచి ఒక సోదరి రాశారు.

అమ్మా! మీరు అడిగింది చివరి వాక్యంలో ఉన్నా, నాకు ఆందోళన కలిగించింది దానికి ముందున్న రెండు వాక్యాలు. ఆ వణుకు ఆ గ్యాస్ బిళ్ళ వల్లనే వచ్చి ఉండవచ్చు. ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. నేను పనిచేసేది ఆ ప్రాంతంలోనే. గంపలగూడెం, తిరువూరు చుట్టుపక్కల గ్యాస్ బిళ్ళ లేని ఇల్లు అరుదు. చీటీ అవసరం లేకుండా షాపులో అడిగి తెచ్చుకోవడం, పక్కింటివాళ్ళకు పనిచేసిందని మనమూ వేసుకోవడం మామూలైపోయింది. కాబట్టి ఈ వారం ఈ మందుల గురించే చెబుతాను.

పరీక్షలన్నీ చేయించాక "ఏమీ లేదు" అంటే రోగికి కోపం వస్తుంది. "నొప్పి నాకు తెలుస్తుంటే ఏమీ లేదంటాడేమిటి?" అంటాడు. ఆ కోపం న్యాయమైనదే. నొప్పి, ఉబ్బరం, తేన్పులు అన్నీ నిజమే. అయితే పుండు లేదు, గడ్డ లేదు, వాపు లేదు. పొలంలో బోరు మోటారు బాగానే ఉంటుంది, పైపూ బాగానే ఉంటుంది. వోల్టేజి నిలకడగా లేకపోతే నీళ్ళు ఒకసారి ఉరుకుతాయి, ఒకసారి ఆగిపోతాయి. మన జీర్ణకోశం గోడల్లో నరాల అల్లిక ఉంది. దానికీ మెదడుకూ మధ్య రాకపోకలు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. ఆ నడకలో తేడా వస్తే పేగు ఒకచోట బిగుసుకుంటుంది, ఒకచోట మందగిస్తుంది, మామూలు గాలికే నొప్పి తెలుస్తుంది. ఎండోస్కోపీలో కనపడేది గోడే గాని ఈ నడక కాదు.

ఇక ఆ బిళ్ళ సంగతి. మనం గ్యాస్ బిళ్ళ అని ఒకే పేరు పెట్టాం గాని చాలావాటిలో రెండు మందులుంటాయి. ఒకటి ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్, రాబిప్రజోల్ వంటిది. రెండోది కడుపులోని ఆహారాన్ని త్వరగా కిందికి తోసేది. ఆ రెండోది డోంపెరిడోన్ కావచ్చు, ఐటోప్రైడ్ కావచ్చు, లెవోసల్పిరైడ్ కావచ్చు. అట్ట మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి. కళ్ళజోడు పెట్టుకుని అయినా చదవండి, లేదా చదువుకునే పిల్లల చేత చదివించండి.

లెవోసల్పిరైడ్ అని ఉంటే జాగ్రత్త. డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకోవడం ద్వారా ఇది కడుపును కదిలిస్తుంది. మన కండరాలు సాఫీగా కదలడానికి మెదడులో కావలసింది కూడా ఆ డోపమైనే. ఈ మందు మెదడులోకీ వెళ్ళి అక్కడా అడ్డుపడుతుంది. నెలల తరబడి వాడితే, ముఖ్యంగా పెద్దవయసు వారికి, చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం, ముఖంలో కళ తగ్గడం, చిన్నచిన్న అడుగులు వేయడం మొదలవుతాయి. చూస్తే అచ్చం పార్కిన్‌సన్ జబ్బే. అప్పుడు ఆ జబ్బుకు మందు మొదలవుతుంది, కారణమైన బిళ్ళ మాత్రం పరగడుపున కొనసాగుతూనే ఉంటుంది! మీ మామగారు వాడుతున్న మందులన్నిటి అట్టలూ ఒక సంచిలో వేసుకుని వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. "వణుకు ముందు వచ్చిందా, ఈ బిళ్ళ ముందు మొదలైందా?" అన్నది ఆయనకు చెప్పండి. లెవోసల్పిరైడ్ వల్లనే అయితే, అది మానేసిన కొన్ని వారాల్లోనో నెలల్లోనో చాలామందికి తగ్గిపోతుంది. కొందరికి పూర్తిగా తగ్గదు. అందుకే ఆలస్యం మంచిది కాదు. వణుకుడు మందును మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

ఆడవారిలో ఈ మందు మరో చిక్కు తెస్తుంది. బహిష్టు ఆగిపోవడం, బాలింతలు కాకపోయినా పాలు రావడం జరుగుతాయి. డోంపెరిడోన్‌తో కూడా ఇది ఉంది. గర్భకోశానికి సంబంధించిన పరీక్షలన్నీ చేయించి డబ్బు తగలేసుకున్న తర్వాత, గ్యాస్ బిళ్ళ సంగతి బయటపడ్డ సందర్భాలున్నాయి.

వీటికి దగ్గరి బంధువు మెటోక్లోప్రమైడ్. వాంతులు ఆపడానికి ఇచ్చే ఇంజెక్షన్‌లో తరచు ఉండేది ఇదే. కొందరికి, అందులోనూ పిల్లలకీ పడుచువారికీ, ఈ ఇంజెక్షన్ ఇచ్చిన కొన్ని గంటల్లో మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది, కళ్ళు పైకి పోతాయి, నాలుక బయటకు వస్తుంది. స్పృహ మాత్రం పూర్తిగా ఉంటుంది. ఇంటరు చదివే ఒక అమ్మాయిని ఇలాగే గాలి సోకిందని మెడలో తాయెత్తు కట్టి, రాత్రంతా వేపమండలతో కొట్టి, తెల్లవారాక ఆసుపత్రికి తెచ్చారు. ప్రోమెథజిన్ ఇంజెక్షన్ ఇస్తే అరగంటలో మెడ తిన్నబడింది. ఆ పిల్ల మొదట అడిగింది "నన్నెందుకు కొట్టారు?" అని. ఐరోపా ఔషధ సంస్థ 2013లో ఈ మందును అయిదు రోజులు మించి వాడరాదని చెప్పింది.

డోంపెరిడోన్ మెదడులోకి అంతగా పోదు గాని గుండె లయను చెరపగలదు. అరవై దాటినవారికీ, గుండెజబ్బు ఉన్నవారికీ ఇది మరీ ముఖ్యం. 2014లో అదే సంస్థ దీన్ని వికారానికీ వాంతులకూ మాత్రమే, పది మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు మించకుండా, సాధారణంగా ఒక వారమే వాడమంది. ఉబ్బరానికి వద్దంది. మన దగ్గర ఉబ్బరానికే ఏళ్ళ తరబడి వాడుతున్నాం. ఒకప్పుడు ఇదే పనికి సిసాప్రైడ్ అనే మందు గొప్పగా అమ్ముడుపోయింది. గుండె లయ తప్పి మరణాలు జరగడంతో 2000లో అమెరికా మార్కెట్టు నుంచి తీసేశారు. మన ప్రభుత్వం 2011 ఫిబ్రవరిలో నిషేధించింది. నెల తిరిగేసరికి టెగాసెరాడ్ కూడా నిషేధమైంది.

మెలిపెట్టే నొప్పికి వాడేవి వేరే కోవకు చెందినవి. డైసైక్లోమిన్, హయోసిన్ ఈ కోవలోవి. హయోసిన్ ఉమ్మెత్త జాతి మొక్కల్లో ఉండే పదార్థమే. బిళ్ళలో వాడేది దాన్ని మార్చి తయారుచేసినది. (ఇది చదివి ఎవరూ ఉమ్మెత్త జోలికి పోకండి, ప్రాణం పోతుంది.) ఇవి పేగుల బిగింపును సడలిస్తాయి. దాంతోపాటు నోరు ఎండుతుంది, చూపు మసకబారుతుంది. ప్రొస్టేటు పెరిగిన పెద్దవారికి మూత్రం బిగుసుకుపోవచ్చు. నీటికాసులు ఉన్నవారు వీటిని వాడరాదు. చాలామందికి తెలియని మరో సంగతి, ఇవి చెమటను తగ్గిస్తాయి. మన వైపు ఏప్రిల్, మే నెలల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. పొద్దున డైసైక్లోమిన్ వేసుకుని మిరప కల్లంలోనో మామిడి తోటలోనో పనికి పోతే, ఒంట్లో వేడి బయటకు పోయే దారి మూసుకుని వడదెబ్బ తగులుతుంది. ఆ నెలల్లో కూలికి పోయేవారికి ఈ బిళ్ళ ఇవ్వాలంటే నేను వెనకాడతాను.

షాపులో "కడుపునొప్పి బిళ్ళ" అంటే ఇచ్చేవాటిలో డైసైక్లోమిన్‌కు మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి మందు కలిసి ఉంటుంది. బహిష్టు నొప్పికి రెండు మూడు రోజులు సరే. ఉబ్బరానికి, అజీర్తికి రోజూ వేసుకుంటే ఆ నొప్పి మందు కడుపులో పుండు పుట్టిస్తుంది, మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. మన దగ్గరలోని ఏ.కొండూరు మండలంలో తండాల ప్రజలు మూత్రపిండాల జబ్బుతో ఎంత బాధపడుతున్నారో అందరికీ తెలుసు. అలాంటి చోట ఈ బిళ్ళను పిప్పరమెంటులా చప్పరించడం ఆత్మహత్యాసదృశం. ఈ మందు వల్ల ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరంతో తీవ్రమైన వికటన రావచ్చునని 2023 చివరలో భారత ఔషధ ప్రామాణిక సంఘం హెచ్చరించింది కూడా.

మరి వాడవలసినదేమిటి? ఆమ్లం తగ్గించే మందు నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడి చూడవచ్చు. ఏళ్ళ తరబడి వాడినవారు మానినప్పుడు వారం, రెండు వారాలు పులితేన్పులు ఎక్కువవుతాయి. "చూశారా, ఇది లేకపోతే బతకలేను" అని మళ్ళీ మొదలుపెట్టేస్తారు. ఓపిక పట్టండి, వైద్యుడి సలహాతో రోజు విడిచి రోజు వేసుకుంటూ తగ్గించండి. పేగు నొప్పికి మెబెవెరిన్ కొంత మెరుగు, భోజనానికి ఇరవై నిమిషాల ముందు వేసుకోవాలి. మలబద్ధకం ఉంటే ఇసబ్‌గోల్, దానితో దండిగా నీళ్ళు. నిద్రపోయే ముందు పది మిల్లీగ్రాముల ఎమిట్రిప్టిలిన్ ఇస్తే "నాకు పిచ్చి మందు ఇచ్చారు" అని అలుగుతారు. ఆ మోతాదు పిచ్చికి కాదు, పేగు నరాల నొప్పికి. దీనికీ నోరు ఎండే గుణం, మూత్రం, కంటి చిక్కులు ఉన్నాయి గనుక వైద్యుడు చూసే ఇస్తాడు. క్లోర్‌డయజెపాక్సైడ్ కలిసిన కడుపు బిళ్ళలు మాత్రం అలవాటు పడతాయి, వాటిని దీర్ఘకాలం కొనసాగించకండి. మజ్జిగలో వాము, జీలకర్ర వేసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. పాలు తాగితే ఉబ్బరించేవారు పది రోజులు పాలు మాని చూడండి. ఖర్చు లేని పరీక్ష అది.

బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడుతున్నా, మింగడం కష్టమైనా, నొప్పి నిద్రలో లేపుతున్నా, నలభై అయిదు దాటాక మొదటిసారి ఈ బాధ వచ్చినా బిళ్ళలతో కాలక్షేపం చేయక ముందు పరీక్ష చేయించుకోవాలి. రొమ్ము కింద మంట, చెమట, ఆయాసం, ఎడమ చేతికి లాగుతున్న నొప్పి వస్తే అది గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. 108కి ఫోను చేసి ఇ.సి.జి. ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా ఉబ్బరంగా మాత్రమే కూడా గుండెపోటు రావచ్చు.

పసిపిల్లల తల్లులకు ఒక మాట. సాయంత్రం కాగానే పిల్లవాడు కాళ్ళు ముడుచుకుని ఏడుస్తున్నాడని కొనే కడుపునొప్పి చుక్కల సీసా మీద డైసైక్లోమిన్ అని ఉంటే ఆరు నెలల లోపు బిడ్డకు ఒక్క చుక్క కూడా వేయకండి, ఊపిరి ఆగిపోవచ్చు. పాలు పట్టాక భుజాన వేసుకుని వీపు నిమిరి తేన్పు రానివ్వండి. ఆ సాయంత్రపు ఏడుపు సాధారణంగా నాలుగో నెల దాటేసరికి దానంతటదే తగ్గిపోతుంది.