ఐదేళ్లకొక కాలు

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహానగా బజార్ స్టేషన్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైనప్పుడు, దేశంలోని రాజకీయ విలేకరులందరిలాగే నేనూ ఆ రాత్రి మూడు అంకెలు రాశాను. మృతుల కుటుంబాలకు 10 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 2 లక్షలు, స్వల్పంగా గాయపడినవారికి 50 వేలు. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన దుర్ఘటన అది. మర్నాటి నుంచి చర్చ సిగ్నలింగ్ వ్యవస్థ మీదికి, కుట్ర కోణం మీదికి, సీబీఐ దర్యాప్తు మీదికి, రైల్వే మంత్రి రాజీనామా డిమాండు మీదికి మళ్లింది. నా వ్యాసాలూ ఆ దారినే నడిచాయి. 'తీవ్రంగా గాయపడినవారు' అన్న రెండు మాటల్లో ఎవరెవరు ఉన్నారో విడదీసి చూడాలని నాకు తట్టలేదు. చెయ్యి విరిగి మూడు నెలల్లో కోలుకొనేవాడూ, తొడ దాకా కాలు తీసేయించుకొని మిగిలిన జన్మంతా అలాగే బతకవలసినవాడూ ఆ పద్దులో పక్కపక్కనే ఉన్నారు. ఇద్దరికీ ఒకటే చెక్కు.

తట్టకపోవడానికి నాకు సాకు కూడా లేదు. మా మేనమామ కొడుకు లారీ డ్రైవరు. 2016లో ఒక రాత్రి జాతీయ రహదారి పక్కన బండి ఆపి టైరు మారుస్తుండగా వెనకనుంచి వచ్చిన వాహనం ఢీకొట్టి వెళ్లిపోయింది. నంబరు ఎవరూ చూడలేదు. పెద్దాసుపత్రికి చేరేసరికి ఆరేడు గంటలు గడిచాయి. రక్తప్రసారం ఆగిపోయిన కాలుకు అది చాలా ఎక్కువ కాలం. కుడికాలు మోకాలి కింద తీసేశారు. లారీ యజమాని మొదటి వారం పండ్లు తెచ్చాడు, రెండో వారం ఫోను ఎత్తాడు, ఆ తర్వాత 'మా దగ్గర ఇతను ఉద్యోగి అని కాగితం ఎక్కడుంది?' అన్నాడు. గుర్తు తెలియని వాహనం ఢీకొన్నప్పుడు ప్రభుత్వ పథకం కింద బాధితుడికి కొంత సొమ్ము వస్తుందన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఢిల్లీలో కూర్చొని పార్లమెంటు మీద రోజూ రాసే నాకూ తెలియదు. తెలిసివుంటే ఏమొచ్చేది? అప్పటి లెక్క ప్రకారం తీవ్ర గాయానికి 12,500 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 50 వేలు చేశారు.

అంటే, అదే కాలు ఆ రైలు ప్రమాదంలో పోతే ఆనాడు ప్రకటించినది రెండు లక్షలు. రోడ్డు మీద, నంబరు తెలియని బండి కింద పోతే యాభై వేలు. నంబరు తెలిసి, ఆ బండికి బీమా ఉండి, మంచి వకీలు దొరికి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ చుట్టూ కొన్నేళ్లు తిరగగలిగితే పది, ఇరవై లక్షలు కూడా రావచ్చు. పొలంలో నూర్పిడి యంత్రంలో చెయ్యి పోయిన కూలీకి దిక్కెవరు? ఆ యంత్రాల కోసమే 1983లో పార్లమెంటు 'ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం' చేసింది. ఊళ్లో ఏ రైతునైనా, ఏ కూలీనైనా ఆ చట్టం గురించి అడిగి చూడండి.

కర్మాగారాల సంగతి కొంత వేరు, ఎందుకంటే అక్కడ కనీసం ఒక పట్టిక ఉంది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం శరీరాన్ని ముక్కలుగా విభజించి ఒక్కొక్క ముక్కకు శాతం కట్టింది. బొటనవేలు పోతే సంపాదనా శక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలు మొత్తం పోతే 14, నడిమివేలు పోతే 12. గురుగ్రామ్, మానేసర్, ఫరీదాబాద్‌లలో వాహనాల విడిభాగాలు తయారుచేసే చిన్న చిన్న షెడ్లలో పవర్ ప్రెస్సుల కింద వేళ్లు పోగొట్టుకొనే బిహారీ, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ల చేతులకు ఈ పట్టికే కొలమానం. యంత్రానికి సెన్సరు బిగిస్తే తప్పిపోయే ప్రమాదాలు ఇవి. 'సేఫ్ ఇన్ ఇండియా' అనే సంస్థ 2019 నుంచి వీటిపై ఏటా నివేదికలు ప్రచురిస్తోంది. మనం ఎంతో మురిపెంగా కొనుక్కొనే కార్ల భాగాలు ఆ షెడ్లలోనూ తయారవుతాయన్న సంగతి షోరూములో ఎవరూ చెప్పరు.

ఈ శాతాల లెక్కలోని అన్యాయాన్ని సుప్రీంకోర్టు గుర్తించకపోలేదు. 2010 నాటి రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో న్యాయస్థానం చాలా సూటి అయిన ఉదాహరణ ఇచ్చింది. ఎడమచెయ్యి పోయినవాడికి వైద్యులు సుమారు 60 శాతం వైకల్యం అని రాయవచ్చు. అతడు డ్రైవరో వడ్రంగో అయితే సంపాదనలో నష్టం దాదాపు నూరు శాతం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. దేహానికి జరిగిన నష్టం వేరు, జీవనానికి జరిగిన నష్టం వేరు అన్నది దాని సారం. 2022 డిసెంబరులో మరో అడుగు ముందుకు పడింది. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ బస్సు ప్రమాదంలో 37 ఏళ్ల వయసులో కుడికాలు కోల్పోయిన ఒక వ్యక్తి కేసు అది. కృత్రిమ కాలు ఖరీదు 2 లక్షల 60 వేలు, దాని ఆయుష్షు ఐదారేళ్లు, ఆరు నెలలకో ఏడాదికో మరమ్మతు, మరమ్మతుకు 15 నుంచి 20 వేలు. ఇచ్చిన పరిహారం పదిహేనేళ్లకే అయిపోతుంది, ఆ తర్వాత అతడు ఎలా నడవాలి అని న్యాయమూర్తులు లెక్క వేసి, పరిహారం పెంచారు.

తీర్పులు నేను వృత్తిరీత్యా చదువుతాను. ఇంత మామూలు కూడికలు, గుణింతాలు ఇంత బరువుగా తగిలిన తీర్పు మరొకటి గుర్తులేదు. ముప్పై ఏళ్లకు ఆరు కాళ్లు. మరమ్మతులు కలపకుండానే పదిహేను లక్షలు దాటుతుంది. ఈ లెక్క పక్కన రాజ్యం ఇచ్చేవాటిని పెట్టి చూడండి. ఆ రైలు ప్రమాదంలో ప్రకటించిన రెండు లక్షలకు ఒక్క కాలు రాదు. నిరుటి మే నెల అని పొరబడుతుంటాను గానీ, కచ్చితంగా చెప్పాలంటే 2025 మే 5న, కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజుల వరకు చికిత్స. మంచి పథకమే, ప్రాణాలు నిలబెడుతుంది. అయితే కాలు తీసిన మనిషికి ఏడో రోజున కుట్లు కూడా విప్పరు. ఇక కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను నెలకు 300 రూపాయలు. అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం చూపించగలిగినవారికే. మోకాలి కింద ఒక కాలు పోయినవారికి ఆ శాతం రాదు. వచ్చిందే అనుకొందాం. ఆ పింఛను పైసా ఖర్చు పెట్టకుండా దాచుకొంటే సుప్రీంకోర్టు లెక్కలోని కాలు ఒక్కటి కొనడానికి 72 ఏళ్లు పడుతుంది. తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో చాలా నయం, ఆంధ్రప్రదేశ్‌లో 6,000, తెలంగాణలో 4,016 ఇస్తున్నారు. అది తిండికి. కాలుకు కాదు.

పెట్టుడు కాలు అంటే బూటు వంటిదనీ, తొడుక్కొని నడిచిపోవడమేననీ అనుకొనేవారికి ఒక మాట. గాయం మానాక మిగిలిన కాలు మొదటి సంవత్సరం నెలనెలా చిక్కిపోతూ ఉంటుంది. అందుకని మొదట కొలత తీసి చేసిన సాకెట్ త్వరలోనే వదులవుతుంది. వదులైన సాకెట్‌లో కాలు ఆడుతుంది, రాసుకొంటుంది, వేసవిలో చెమటకు నాని పుండు పడుతుంది. పుండు పడితే వారం పది రోజులు కాలు పెట్టుకోకూడదు. రోజుకూలీకి వారం పది రోజులంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మా బావ మొదటి కాలు ఒక శిబిరంలో ఇచ్చారు. ఉదయం కొలత, సాయంత్రం కాలు, మధ్యలో నాయకుల ప్రసంగాలు. ఆరు నెలలకు అది వదులైతే లోపల పాత లుంగీ గుడ్డ మడతపెట్టి కట్టుకొనేవాడు. సరిచేయించుకోవడానికి వెళితే శిబిరం లేదు. అసలు శిబిరానికి చిరునామా ఉండదు కదా.

లేని కాలు నొప్పెడుతుంది కూడా. తెగిపోయిన పాదంలో మంట, లేని వేళ్లు ముడుచుకుపోయినట్లు బాధ. మా బావ ఈ సంగతి ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు, మతి చెడిందనుకొంటారని. ఇది ఎన్నడో గుర్తించిన వ్యాధి లక్షణం. తమిళనాడులో పుట్టిన నరాల శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఉన్న కాలు ప్రతిబింబాన్ని అద్దంలో లేని కాలు స్థానంలో కనిపించేలా పెట్టి కదిలిస్తే చాలామందికి నొప్పి తగ్గుతుంది. ఖర్చు ఒక అద్దం. అందరికీ పనిచేయదు, అయినా ఆ మాట బాధితుడికి చెప్పేవారు ఒకరుండాలి. అతడి ఆసుపత్రి కాగితాల్లో మందులన్నీ ఉన్నాయి, ఈ నొప్పి ప్రస్తావన ఎక్కడా లేదు.

విచిత్రమేమిటంటే ఈ రంగంలో ప్రపంచానికి పాఠం చెప్పిన దేశం మనది. 1960ల చివర జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ, శస్త్రవైద్యుడు పి.కె. సేఠీ కలిసి జైపూర్ పాదాన్ని తయారుచేశారు. పాశ్చాత్య కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి, గొంతుకూర్చోవడం కుదరదు, తడవకూడదు. మన మనిషి నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటాడు, వట్టికాళ్లతో నడుస్తాడు, వరిమడిలో దిగుతాడు. ఆ బతుకును చూసి తయారుచేసిన పాదం అది. చౌక కూడా. సేఠీకి 1981లో మెగసెసే పురస్కారం వచ్చింది, శర్మ పేరు చాలామందికి ఇప్పటికీ తెలియదు. అదే ఏడాది తిరుచిరాపల్లి సమీపంలో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకొన్న సుధాచంద్రన్ ఆ పాదంతోనే మళ్లీ నాట్యమాడింది. ఆమె కథను ఆమెతోనే 'మయూరి'గా తీసి సింగీతం శ్రీనివాసరావు తెలుగువారి కళ్లు చెమర్చేలా చేశారు. 2021 అక్టోబరులో అదే సుధాచంద్రన్, విమానాశ్రయ తనిఖీలో ప్రతిసారీ కాలు విప్పి చూపించమంటున్నారని ప్రధానికి వీడియోలో మొరపెట్టుకోవలసి వచ్చింది. భద్రతా దళం క్షమాపణ చెప్పింది. ఆమె సుధాచంద్రన్ కాబట్టి.

స్ఫూర్తి కథల మీద నా అభ్యంతరం ఇక్కడే. 2011లో నడుస్తున్న రైల్లోంచి దొంగలు తోసేయగా కాలు కోల్పోయిన అరుణిమా సిన్హా రెండేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆమె ధైర్యానికి చేతులెత్తి నమస్కరించవలసిందే. అయితే ప్రభుత్వ వేదికల మీద ఆమె పేరు వినిపించినప్పుడల్లా నాకు మా బావ ఇంటి ముందున్న మూడు మెట్లు గుర్తొస్తాయి. శిఖరం ఎక్కినవారిని చూపించి మెట్టు ఎక్కలేనివాడిదే లోపమన్నట్లు మాట్లాడడం సులభం. 2015 డిసెంబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో 'దివ్యాంగులు' అనే మాటను ప్రతిపాదించారు. 2020 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్‌లో ఒకేచోట 26 వేల మందికి పైగా వికలాంగులకు, వృద్ధులకు ఉపకరణాలు పంచి రికార్డు సృష్టించారు. పంచినందుకు తప్పుపట్టను. ఐదేళ్లు దాటిపోయాయి. ఆ రోజు ఇచ్చిన కృత్రిమ కాళ్లకు ఆయుష్షు తీరే వేళ ఇది.

చట్టం లేదనడానికీ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉండగా వికలాంగుడైన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. 1995 చట్టంలోని ఇలాంటి రక్షణనే ఆధారం చేసుకొని, కాలు పోయిన ఒక కానిస్టేబుల్ పక్షాన సుప్రీంకోర్టు 2003లో కునాల్ సింగ్ కేసులో నిలబడింది. ఈ రక్షణ ప్రభుత్వ కొలువులో ఉన్నవాడికి. కాలు పోయే అవకాశం ఎక్కువగా ఉన్న పనులు చేసేవాడు ఆ కొలువులో ఉండడు.

నేను కోరేది దానం కాదు, ఒక జమాఖర్చు పుస్తకం. మన దగ్గర అది మొదలే కాలేదు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని, 4,43,366 మంది గాయపడ్డారని రవాణా శాఖ చివరి అంకె దాకా చెప్పగలదు. గాయపడినవారిలో ఎందరికి కాళ్లు చేతులు తీసేశారన్న గడి ఆ నివేదికలో లేదు. 2011 జనగణన 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారని, వారిలో 54 లక్షల మందికి కదలికలకు సంబంధించిన వైకల్యమని చెప్పింది. పోలియో సోకినవారూ, యంత్రం కింద చెయ్యి పోయినవారూ అందులోనే. ఆ తర్వాతి జనగణన ఇంకా పూర్తి కాలేదు. గడి ఉంటేనే బడ్జెట్లో పద్దు వస్తుంది. పద్దు వస్తేనే జిల్లా ఆసుపత్రిలో సాకెట్ సరిచేసే మనిషి ఒకరు రోజూ కూర్చొంటాడు, ఐదేళ్లకొకసారి కొత్త కాలు అడగడం దరఖాస్తు కాకుండా హక్కవుతుంది. ఖజానాకు భారమంటారా? అవయవం కోల్పోయినవారు ఎందరో తెలియకుండా భారం ఎంతో ఎలా తేల్చారు?

ఈమధ్య ఒక పెళ్లిలో మా బావ కలిశాడు. వైకల్య ధ్రువపత్రం పునఃపరిశీలనకు మళ్లీ పిలిచారట, ఆటోకు ఆరువందలయిందట. "మొలిచిందేమో చూడాలి కదా బావా" అన్నాడు, కాలు విప్పి కుర్చీ పక్కన పెట్టుకొంటూ. నేను మాట్లాడలేదు. విందుకు పిలుపు వచ్చింది. మళ్లీ తొడుక్కోవడానికి అతడికి నాలుగైదు నిమిషాలు పట్టింది, మొదటి బంతి నిండిపోయింది.